అక్కడ బొడిపె తగిలిందా? కంగారు పడేముందు ఇలా చూసుకోండి

స్నానం చేస్తున్నప్పుడో, రేజర్ వాడిన మర్నాడో జననాంగం దగ్గర చేతికి ఏదో తగులుతుంది. మొన్నటిదాకా లేదే, ఇదెక్కడినుంచి వచ్చిందని అనుమానం మొదలవుతుంది. ఆ తర్వాత చాలామంది చేసే పని ఒకటే. తలుపు గడియ పెట్టుకుని ఫోన్‌లో వెతకడం. అక్కడ కనిపించే ఫొటోలు చాలావరకు బాగా ముదిరిన కేసులవి. పది నిమిషాల్లో కాన్సరో సుఖవ్యాధో అని మనకు మనమే తేల్చేసుకుంటాం. ఎవరికీ చెప్పుకోలేక వారాల తరబడి టెన్షన్ పడతాం.

ముందు ఆ ఫొటోలు మూసేయండి. ఆడవాళ్ల జననాంగం బయటి భాగంలో కనిపించే బొడిపెల్లో ఎక్కువ శాతం హాని లేనివే. కొన్నయితే అసలు జబ్బే కాదు, ఆ చర్మం తీరే అంత. ఏది వదిలేయొచ్చు, ఏది చూపించుకోవాలి అన్నది రూపం ఒక్కదాన్ని బట్టి తేలదు. ఎక్కడ ఉంది, ఎన్నాళ్లుగా ఉంది, ముట్టుకుంటే ఎలా ఉంది, మారుతోందా? ఈ నాలుగూ తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

మొదటి పని: అద్దంలో మిమ్మల్ని మీరు చూసుకోండి

ఈ మాట చెబితే చాలామంది మొహం చిట్లిస్తారు. కానీ ముఖం మీద కొత్తగా మచ్చ వస్తే ఒక్క రోజులో కనిపెడతాం. ఇక్కడ మాత్రం ఎప్పుడూ చూసుకోం కాబట్టి, చిన్నప్పటినుంచీ ఉన్నది కూడా నిన్ననే వచ్చినట్టు అనిపిస్తుంది. నన్నడిగితే, భయాల్లో చాలావాటికి మూలం ఇదే.

నెలసరి లేని రోజు, తొందర లేని వేళ చూసుకోండి. చేతులు కడుక్కుని, ఒక చిన్న అద్దం, ఫోన్ టార్చి పెట్టుకోండి. గొంతుక్కూర్చున్నా సరే, మంచం అంచున ఒక కాలు పైకి పెట్టి కూర్చున్నా సరే.

యోని అని మనం అన్నిటికీ కలిపి అనేస్తాం గానీ, నిజానికి యోని అంటే లోపలి మార్గం. బయటికి కనిపించేదాన్ని వల్వా అంటారు. అందులో వెంట్రుకలుండే మందపాటి మడతలు పెద్ద పెదవులు. వాటి లోపల వెంట్రుకలు లేని పల్చటి మడతలు చిన్న పెదవులు. ఇవి రెండూ పైన కలిసేచోట క్లిటోరిస్, దాని కింద మూత్రద్వారం, దాని కింద యోని ద్వారం ఉంటాయి. చిన్న పెదవుల్లో ఒకటి పొడుగ్గా, ఇంకొకటి పొట్టిగా ఉండొచ్చు. అంచులు కుచ్చిళ్లలా ముడతలు పడి ఉండొచ్చు. ఒంటి రంగుకన్నా ముదురు రంగులో ఉండొచ్చు. ఇవన్నీ మామూలే.

ఇక్కడ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది. వెంట్రుకలు ఉన్నచోట వచ్చే బొడిపెలు వేరు, లేనిచోట వచ్చేవి వేరు. పెద్ద పెదవుల మీదా గజ్జల్లోనూ వచ్చిన ఎర్రటి పొక్కు వెంట్రుక కుదురు వాచినది కావచ్చు. చిన్న పెదవుల లోపలివైపు అసలు వెంట్రుక కుదుళ్లే లేవు. కాబట్టి అక్కడ వచ్చినదాన్ని ‘షేవింగ్ వల్ల వచ్చిందిలే’ అనుకుని వదిలేయడానికి వీల్లేదు.

చోటు గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. గడియారం ముఖం ఊహించుకోండి. క్లిటోరిస్ ఉన్నవైపు 12, మలద్వారం వైపు 6. మీ బొడిపె ఎన్ని గంటల దగ్గర ఉందో చూసుకోండి. డాక్టర్లు కూడా ఇలాగే రాసుకుంటారు.

రెండో పని: నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి తేదీ వేయండి. ఎక్కడుంది, ఒకటేనా గుంపుగా ఉన్నాయా, రెండు వైపులా ఒకేలా ఉన్నాయా అన్నది మొదట. పరిమాణం తర్వాత: ఆవగింజంతా, శనగగింజంతా, అంతకన్నా పెద్దదా. వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, చర్మం కింద జరుగుతోందా, నొప్పి పెడుతోందా. చివరగా, ఈమధ్య ఏం మారింది: కొత్త సబ్బు, కొత్త ప్యాడ్, షేవింగ్, వ్యాక్సింగ్, కొత్త భాగస్వామి, జ్వరం, గర్భం.

ఫొటో తీసుకోవడం మంచిదే, మారుతోందో లేదో తెలుస్తుంది. కాకపోతే అది ఫోన్ గ్యాలరీ నుంచి తనంతట తాను ఎక్కడికి బ్యాకప్ అవుతోందో ఒకసారి చూసుకోండి.

నొక్కి చూడటం అంటే పిండటం కాదు. పిండితే చీము ఇంకా లోపలికి వెళ్లొచ్చు.

మూడో పని: జబ్బు కానివాటిని ముందు పక్కకు తీసేయండి

చిన్న పెదవుల లోపలివైపు, చర్మాన్ని కాస్త సాగదీస్తే తెల్లగా, లేత పసుపుగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల చుక్కలు గుంపుగా కనిపిస్తున్నాయా? నొప్పీ దురదా లేవా? వాటిని ఫోర్డైస్ స్పాట్స్ అంటారు. చర్మంలో నూనె ఊరే గ్రంథులవి. మిగతా చోట్ల వెంట్రుకకు అతుక్కుని ఉంటాయి, ఇక్కడ వెంట్రుక లేదు కాబట్టి పైకి తేలి కనిపిస్తాయి. ఇలాంటివే నోటి పెదవుల అంచున కూడా చాలామందికి ఉంటాయి. యుక్తవయసు వచ్చాక స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది. అంటవు, ముదరవు, మందు అక్కర్లేదు. గిల్లితే మాత్రం పుండు పడుతుంది.

యోని ద్వారం చుట్టూ, చిన్న పెదవుల లోపలి అంచున మెత్తగా, గులాబీ రంగులో, వెల్వెట్ బట్ట మీది నూగులా వేళ్ల ఆకారంలో చిన్న చిన్న మొలకలు వరుసగా ఉండటం ఇంకో మామూలు రూపం. పేరు వెస్టిబ్యులార్ పాపిల్లోమటోసిస్. పేరు చూసి జడవకండి, ఇదీ జబ్బు కాదు. ఆడవాళ్లను అనవసరంగా ఏడిపించేవాటిలో దీనిది మొదటి వరుస, ఎందుకంటే చూడగానే పులిపిర్లు అనుకుంటారు. తేడా ఇలా పట్టుకోవచ్చు. ఇవి రెండు వైపులా దాదాపు ఒకేలా, వరుసలో ఉంటాయి. ప్రతి మొలకకూ కింద దాని మొదలు దానికే ఉంటుంది. మెత్తగా ఉంటాయి, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పులిపిర్లు అలా కాదు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ, ఎక్కడ పడితే అక్కడ పుడతాయి. కొద్దిగా గట్టిగా, పైన గరుకుగా, మొదళ్ల దగ్గర ఒకదానితో ఒకటి కలిసిపోయి కాలీఫ్లవర్ పువ్వులా తయారవుతాయి. నెల నెలకీ పెరుగుతుంటాయి కూడా.

వెనిగర్ రాస్తే పులిపిరైతే తెల్లబడుతుందని ఎక్కడో చదివి ఇంట్లో ప్రయోగం చేసేవాళ్లున్నారు. వద్దు. మామూలు చర్మం కూడా తెల్లబడుతుంది, పైగా మంట పుడుతుంది. లేని జబ్బును తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

పెద్ద పెదవుల మీద ముదురు ఎరుపు, ఊదా, నలుపు రంగుల్లో చిన్న చుక్కలు కనిపిస్తే అవి ఆంజియోకెరటోమాలు కావచ్చు. సన్నని రక్తనాళాలు ఉబ్బి పైన చర్మం మందమైతే వచ్చేవి. వయసుతో, గర్భంతో పెరుగుతాయి, గీరుకుంటే కాస్త రక్తం వస్తుంది. ప్రమాదం లేనివే, కానీ నల్లగా ఉంటే పుట్టుమచ్చ కాన్సర్‌కూ దీనికీ తేడా కంటితో చెప్పడం మన పని కాదు. ఒక్కసారి చర్మవైద్యురాలికి చూపించి, ‘ఫలానా’ అని తేల్చుకుంటే మళ్లీ దాని గురించి ఆలోచించక్కర్లేదు.

పెద్ద పెదవుల్లో చర్మం కింద గుండ్రంగా, గట్టిగా, తెల్లగానో పసుపుగానో కనిపిస్తూ, నొప్పి లేకుండా ఏళ్లపాటు అలాగే ఉండేవి ఎక్కువగా తిత్తులు. లోపల పాలపిండి ముద్దలాంటి పదార్థం ఉంటుంది. అడ్డం రాకపోతే వదిలేయొచ్చు. తోకలా వేలాడే మెత్తటి చర్మపు ముక్కలు కూడా అంతే. గర్భంతో ఉన్నప్పుడు ఒకవైపు పెదవి బరువెక్కి, నీలంగా తీగల్లా ఉబ్బితే అవి ఉబ్బిన సిరలు. నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ అవుతాయి, కాన్పయ్యాక చాలామందికి వారాల్లో సర్దుకుంటాయి. యోని ద్వారం నుంచే మెత్తటి ఉబ్బు దిగి, దగ్గినప్పుడూ సాయంత్రానికీ పెరుగుతుంటే అది చర్మం మీది బొడిపె కాదు, లోపలి అవయవం జారడం. దానికి వైద్యం వేరు, గైనకాలజిస్టును కలవండి.

నాలుగో పని: వెంట్రుక దగ్గర వచ్చిందైతే, రేజర్‌కు సెలవివ్వండి

ఎర్రగా, నొప్పిగా, మధ్యలో చీము తలతోనో మెలిక తిరిగిన వెంట్రుకతోనో ఉన్న పొక్కు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది. గీసిన వెంట్రుక కొస పదునుగా మారి, పెరిగేటప్పుడు బయటికి రాకుండా వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే భావించి వాపు తెస్తుంది. దానికి బాక్టీరియా తోడైతే చీము, ఇంకా లోతుకు వెళితే సెగగడ్డ. బిగుతు బట్టలు, చెమట, మొద్దుబారిన బ్లేడు దీన్ని పెంచుతాయి.

చేయాల్సింది తేలికే, ఓపిక కావాలి. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండి, 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టండి. రోజుకు 3, 4 సార్లు. గుడ్డ వేడి ముందు చేతి మీద చూసుకోండి, ఆ చర్మం ఇట్టే కాలిపోతుంది. వదులుగా ఉండే నూలు లోదుస్తులు వేసుకోండి. మానేదాకా షేవింగ్, వ్యాక్సింగ్ రెండూ ఆపండి. సూదితో గుచ్చడం, పట్టకారుతో లోతుగా తవ్వడం చేయకండి. వెంట్రుక పైకి తేలి కనిపిస్తుంటే దాని కొసను మెల్లగా విడదీస్తే చాలు, పీకక్కర్లేదు. చాలావరకు వారం, పది రోజుల్లో తగ్గిపోతాయి.

మళ్లీ రాకుండా ఉండాలంటే, నా మటుకు ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకోవడమే మేలైన దారి. ఆ వెంట్రుకలు ఉండటం అశుభ్రత ఏమీ కాదు, చర్మానికి రాపిడి తగలకుండా కాపాడేవి అవే. గీసుకోక తప్పదంటే, గోరువెచ్చని నీళ్లతో నానాక, కొత్త బ్లేడుతో, వెంట్రుక మొలిచే దిశలోనే, చర్మాన్ని సాగదీయకుండా గీయండి. రేజర్ ఎవరితోనూ పంచుకోవద్దు.

ఒక గడ్డ వచ్చి తగ్గితే సరే. ఆరు నెలల్లో రెండు మూడుసార్లు గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద నొప్పి గడ్డలు వచ్చి పగిలి, మచ్చలు పడి, చర్మం కింద సొరంగాల్లా తయారవుతుంటే అది మామూలు సెగగడ్డ కాదు. హైడ్రాడెనైటిస్ సపురటైవా అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి కావచ్చు. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. చాలామంది ఏళ్ల తరబడి ‘వేడి చేసింది’ అనుకుంటూ గడిపేస్తారు, ఈలోగా మచ్చలు ముదురుతాయి. పొగ తాగేవాళ్లలో, బరువు ఎక్కువున్నవాళ్లలో ఎక్కువ. త్వరగా చర్మవైద్యుల దగ్గరికి వెళితే ఆపడానికి మందులున్నాయి. గడ్డలు పదే పదే వచ్చేవాళ్లు షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

ఐదో పని: 4 గంటల దగ్గరో 8 గంటల దగ్గరో వాపు ఉంటే

యోని ద్వారానికి రెండు పక్కలా, కిందివైపు, బార్తొలిన్ గ్రంథులుంటాయి. తడి ఊరేలా చేయడం వాటి పని. మామూలుగా చేతికి తగలవు. వాటి సన్నని గొట్టం మూసుకుపోతే ఊరిన ద్రవం లోపలే నిలిచి, ఒకవైపు పెదవి కింద గుండ్రటి ఉబ్బు వస్తుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది 100 మందిలో సుమారు ఇద్దరికి వస్తుంది, ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లకు.

చిన్నదై, నొప్పి లేకపోతే ఏమీ చేయక్కర్లేదు. వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని నడుము కిందిభాగం మునిగేలా 10, 15 నిమిషాలు రోజుకు కొన్నిసార్లు కూర్చుంటే, కొందరికి దానంతట అదే తెరుచుకుని కారిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ఉబ్బు పెద్దదై, ఎర్రబడి, కూర్చోలేనంత, నడవలేనంత నొప్పి పెడుతుంటే లోపల చీము పట్టినట్టు. అప్పుడు ఇంట్లో కాపడంతో కాలక్షేపం చేయకండి. డాక్టర్ మత్తు ఇచ్చి చిన్న గాటుతో చీము తీస్తారు. తీయగానే వచ్చే ఉపశమనం ఎంతంటే, ఇన్నాళ్లూ ఎందుకు ఓర్చుకున్నామా అనిపిస్తుంది. దారి మళ్లీ మూసుకుపోకుండా కొన్నిసార్లు చిన్న బెలూన్ గొట్టాన్ని నాలుగు నుంచి ఆరు వారాలు లోపల ఉంచుతారు. పదే పదే వచ్చేవాళ్లకు గ్రంథి నోటిని శాశ్వతంగా తెరిచి కుట్టే ఆపరేషన్ ఉంది.

ఒక సంగతి. 40 దాటాక మొదటిసారి ఇక్కడ గడ్డ వస్తే, నొప్పి లేకపోయినా చూపించుకోండి. ఆ వయసులో అది గ్రంథి కాన్సర్ కాదని తేల్చుకోవడానికి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం రివాజు. అరుదే, కానీ నిర్లక్ష్యం చేసేది కాదు.

ఆరో పని: అంటుకునేవి ఎలా ఉంటాయో తెలుసుకోండి

ఇక్కడికి రాగానే మనసులో మొదట వచ్చే ప్రశ్న ‘ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?’ అన్నది. ఆ ప్రశ్నను కాసేపు ఆపండి, ఎందుకో చెబుతాను.

పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. జననాంగాల పులిపిర్లలో దాదాపు 90 శాతానికి ఆ వైరస్‌లోని 6, 11 రకాలే కారణం. ఇవి కాన్సర్ తెచ్చే రకాలు కావు. వైరస్ ఒంట్లో చేరాక పులిపిరి బయటపడటానికి వారాలు, నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అసలు బయటపడని వాళ్లే ఎక్కువ. అంటే ఈ రోజు కనిపించిన పులిపిరిని బట్టి అది ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కాపురాల్లో గొడవలు రేగేది సరిగ్గా ఇది తెలియకే. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే అది కప్పని చర్మం కూడా తాకుతుంది కదా.

వైద్యం ఉంది. ఇంట్లో రాసుకునే మందులు డాక్టర్ రాసిస్తారు, లేదా క్లినిక్‌లో అతి చల్లదనంతో గడ్డకట్టించో, కాల్చో తీస్తారు. తీసేశాక కూడా మొదటి కొన్ని నెలల్లో మళ్లీ రావడం మామూలే, మందు పనిచేయలేదని కాదు. చేతి పులిపిర్లకు, ఆనెకాయలకు అమ్మే యాసిడ్ మందు ఇక్కడ పొరపాటున కూడా రాయకండి, చర్మం కాలిపోతుంది. గర్భంతో ఉంటే ముందే చెప్పండి, కొన్ని మందులు అప్పుడు పనికిరావు. హెచ్‌పీవీ టీకా ఇప్పటికే ఉన్న పులిపిర్లను పోగొట్టదు గానీ, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది.

ముత్యంలా నున్నగా మెరుస్తూ, నడిమధ్యలో బొడ్డులా చిన్న గుంట ఉన్న 2 నుంచి 5 మిల్లీమీటర్ల బొడిపెలు మొలస్కం. ఇదీ వైరస్సే. చర్మం చర్మం తగిలితే అంటుతుంది, షేవింగ్‌తో ఒకచోటినుంచి ఇంకోచోటికి విత్తనాలు చల్లినట్టు పాకుతుంది. సాధారణంగా ఏడాదిలోపు దానంతట అదే పోతుంది.

నీటి పొక్కులు గుంపుగా వచ్చి, ఒకటి రెండు రోజుల్లో పగిలి, మంట పుట్టే పుండ్లుగా మారితే హెర్పిస్ అనుకోవాలి. మొదటిసారి వచ్చినప్పుడు జ్వరం, ఒళ్లు నొప్పులు, గజ్జల్లో బిళ్లలు, మూత్రం తగిలితే భరించలేని మంట ఉండొచ్చు. ఇది వైరస్ సోకిన 2 నుంచి 12 రోజుల్లో కనిపించవచ్చు, కానీ ఎప్పుడో సోకి మొదటిసారి ఇప్పుడు బయటపడటం కూడా ఉంది. నోటి దగ్గర జ్వరం పొక్కులు తెచ్చే వైరస్ కూడా ఇక్కడ హెర్పిస్ తేగలదు. వైరస్‌ను అణిచే మాత్రలు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, పొక్కు తాజాగా ఉన్నప్పుడే స్వాబ్ పరీక్షకూ (దూదిపుల్లతో అద్ది తీసేది) సరిగ్గా దొరుకుతుంది. అందుకని ‘తగ్గుతుందేమో చూద్దాం’ అని వారం ఆగడం ఇక్కడ పనికిరాదు. మూత్రం పోసేటప్పుడు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ ఉంటే మంట తగ్గుతుంది. ఒక్కోసారి హెర్పిస్ పొక్కుల్లా కాకుండా, ప్రతి కొన్ని నెలలకూ అదేచోట సన్నటి చీలికలా వచ్చి పోతుంది. రేజర్ గాటు అనుకుని వదిలేస్తారు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది నొప్పి పెట్టని పుండు. సిఫిలిస్ అలాగే మొదలవుతుంది. సోకిన 10 నుంచి 90 రోజుల మధ్య, ఎక్కువగా మూడు వారాలకు, అంచులు గట్టిగా, అడుగు శుభ్రంగా ఒక పుండు. నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానుతుంది కూడా. మానింది కదా అని ఊరుకుంటే జబ్బు ఒంట్లోనే ఉండి తర్వాత దద్దుర్లుగా, తేమగా ఉండే చదును బొడిపెలుగా, ఏళ్లకు గుండె, మెదడు జబ్బుగా బయటపడుతుంది. కడుపులోని బిడ్డకూ సోకుతుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. మొదటి రోజుల్లో పరీక్ష నెగెటివ్ రావచ్చు, డాక్టర్ మళ్లీ చేయమంటే విసుక్కోకండి.

పుండు ప్రతిదీ సుఖవ్యాధే అని కూడా అనుకోవద్దు. ఫ్లూలాంటి జ్వరం వచ్చిన తర్వాత, ఎప్పుడూ ఎవరితోనూ కలవని అమ్మాయిలకు కూడా అక్కడ నొప్పి పుండ్లు రావడం ఉంది, అవి వాటంతట అవే మానుతాయి. పెద్దవాళ్లు ఆ పిల్లను నిలదీయడం కాకుండా ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఏడో పని: వదిలేయకూడని మార్పులను గుర్తుపట్టండి

వల్వా కాన్సర్ అరుదు, ఎక్కువగా వయసు పైబడినవాళ్లకు వస్తుంది. పెద్ద గడ్డగానే మొదలవ్వాలని లేదు. నెలల తరబడి ఒకేచోట దురద, మానని పుండు, గరుకుగా మందమైన తెల్లటిదో ఎర్రటిదో మచ్చ, ముట్టుకుంటే రక్తం వచ్చే బొడిపె. ఇలాంటివి. నల్ల మచ్చ అయితే అంచులు వంకరగా ఉన్నాయా, రంగు ఒకేలా లేదా, పెరుగుతోందా అని చూడండి.

లైకెన్ స్క్లిరోసస్ అని ఒకటుంది, నేను దీని దగ్గర కాస్త ఆగుతాను. చర్మం తెల్లబడి, సిగరెట్ కాగితంలా పల్చగా ముడతలు పడుతుంది. రాత్రి నిద్ర పట్టనంత దురద. నెలసరి ఆగిపోయినవాళ్లలో ఎక్కువ, చిన్నపిల్లల్లోనూ కనిపిస్తుంది. అంటుకోదు. ఫంగస్ అనుకుని ఏళ్ల తరబడి ఫంగస్ క్రీములు రాస్తూనే ఉంటారు, ఈలోగా చిన్న పెదవులు కరిగి అతుక్కుపోతాయి. డాక్టర్ పర్యవేక్షణలో బలమైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ దీనికి మంచి మందు. వైద్యం లేకుండా వదిలేస్తే కొద్దిమందిలో కాన్సర్‌కు దారితీస్తుంది, కాబట్టి ఏటా చూపించుకుంటూ ఉండాలి.

అలాగని స్టెరాయిడ్ కలిపిన క్రీమును మీ అంతట మీరు ప్రతి దురదకూ రాయకండి. ఫంగస్ అయితే లోలోపల ముదురుతుంది, చర్మం పల్చబడుతుంది, డాక్టర్ చూసేసరికి అసలు జబ్బు గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. యాంటీసెప్టిక్ లోషన్, పసుపు, టూత్‌పేస్ట్, సెంటు వాసన సబ్బు, లోపలికి నీళ్లు కొట్టి కడగడం, ఇవేవీ వద్దు. బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు.

ఎనిమిదో పని: ఎంతకాలం ఆగొచ్చో తేల్చుకోండి

నొప్పి లేదు, పెరగడం లేదు, ఎప్పటినుంచో ఉన్నట్టుంది అంటే తేదీ రాసుకుని నెల తర్వాత మళ్లీ చూడండి. వెంట్రుక పొక్కు అనిపిస్తే కాపడం పెట్టి రెండు వారాలు చూడొచ్చు. ఆలోగా తగ్గనిది, కొత్తగా గుంపులుగా వచ్చినది, దురద ఆగనిది, కొత్త భాగస్వామితో కలిశాక వచ్చినది ఆ వారంలోనే చూపించుకోవాలి. పుండు పడితే రెండు వారాల లెక్క పెట్టుకోకుండా త్వరగా వెళ్లండి.

అదే రోజు వెళ్లాల్సినవి: జ్వరంతో పాటు పెరుగుతున్న నొప్పి గడ్డ, ఎరుపు గంటల్లోనే తొడకో పొట్టకో పాకడం, చర్మం నల్లబడటం, పైకి కనిపించేదానికి పొంతన లేనంత నొప్పి, మూత్రం ఆగిపోవడం. షుగర్ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు వీటిని అసలే ఆలస్యం చేయకూడదు. గర్భంతో ఉండి నీటి పొక్కులో పుండో కనిపిస్తే, చిన్నదైనా సరే వెంటనే చెప్పండి. ముఖ్యంగా చివరి మూడు నెలల్లో హెర్పిస్ మొదటిసారి వస్తే కాన్పు ఎలా చేయాలన్నదే మారొచ్చు.

తొమ్మిదో పని: డాక్టర్ దగ్గర

గైనకాలజిస్టు అయినా, చర్మవైద్యులైనా సరే. మహిళా డాక్టర్ కావాలని అడగొచ్చు, తోడుగా ఒకరిని లోపల ఉంచమనీ అడగొచ్చు. రిసెప్షన్‌లో అందరి ముందూ కారణం చెప్పక్కర్లేదు, ‘లేడీస్ ప్రాబ్లం, లోపల చెబుతాను’ అంటే సరిపోతుంది. లోపలికి వెళ్లాక నోరు పెగలకపోతే మీరు రాసుకున్న నోట్స్ చూపించండి. ‘8 గంటల దగ్గర, మూడు వారాలుగా, శనగగింజంత, నొప్పి లేదు, పెరుగుతోంది’ అన్న ఒక్క వాక్యం పావుగంట తడబాటును తప్పిస్తుంది.

వెళ్లేముందు రెండు రోజులు క్రీములు రాయకండి, అక్కడ షేవ్ చేయకండి. వెంట్రుకలు చూసి డాక్టర్ ఏమనుకుంటారో అని చాలామంది ముందురోజు రాత్రి షేవ్ చేసుకుని, కొత్త గాట్లతో వెళ్తారు. డాక్టర్‌కు అసలు బొడిపె ఏదో, గాటు ఏదో తెలియకుండా పోతుంది. ఇప్పటిదాకా ఏమైనా రాసి ఉంటే ఆ ట్యూబు పట్టుకెళ్లండి.

చాలావాటిని డాక్టర్ చూసే చెప్పేస్తారు. అనుమానం ఉంటే స్వాబ్, రక్తపరీక్ష, లేదా బయాప్సీ. బయాప్సీ మాట వినగానే కాళ్లు వణుకుతాయి గానీ, అక్కడికక్కడే మత్తు సూది వేసి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీయడమే. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత కొన్ని రోజులు కాస్త సలుపుతుంది. బయాప్సీ రాశారంటే కాన్సర్ అని తేలిపోయినట్టు కాదు, అనుమానం తీర్చుకోవడానికి రాశారని.

లైంగికంగా అంటుకునే జబ్బు అని తేలితే మిగతా వాటికీ, హెచ్‌ఐవీతో సహా, పరీక్ష చేస్తారు. అది మీ మీద నిందేం కాదు, ఒకటి ఉన్నచోట ఇంకోటి ఉండొచ్చన్న లెక్క. భాగస్వామికి కూడా పరీక్ష కావాలా, ఎన్నాళ్లు కలవకుండా ఉండాలి అన్న రెండు ప్రశ్నలూ అక్కడే అడిగేయండి. ఏమీ లేదు, మామూలే అని చెబితే ఆ పేరేమిటో కాగితం మీద రాయించుకుని, మీ నోట్స్‌లో ఆ రోజు తేదీ పక్కన పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ చేతికి తగిలినప్పుడు మొదట తెరవాల్సింది ఆ పేజీ.